స్పీకింగ్‌లో 5.5... "మీ ఊరి గురించి చెప్పండి" దగ్గరే బోల్తా పడ్డా

తెనాలి_చిన్నోడు
ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష) రిజల్ట్ వచ్చింది. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6.5, స్పీకింగ్ 5.5. ఓవరాల్ 6.5 అనగానే మా నాన్న స్వీట్లు తెచ్చేశారు. యూనివర్సిటీ వాళ్ళు ఏ ఒక్కదాంట్లోనూ 6కి తగ్గకూడదన్నారని ఆయనకి ఇంకా చెప్పలేదు.
అడిగినవన్నీ మామూలు ప్రశ్నలే. మీ ఊరేది, అక్కడ నీకేం నచ్చుతుంది, చదువుతున్నావా ఉద్యోగమా, ఖాళీ దొరికితే ఏం చేస్తావు. కోచింగ్‌లో ఇచ్చిన 60 పేజీల ప్రింటౌట్ మొత్తం బట్టీ కొట్టి వెళ్ళా. ఊరి గురించి అడగ్గానే "మై హోమ్‌టౌన్ ఈజ్ ఎ బస్ట్లింగ్ మెట్రోపాలిస్ విత్ టవరింగ్ స్కైస్క్రేపర్స్" అని అందుకున్నా. సగంలో ఉండగానే ఎగ్జామినర్ ఆవిడ థ్యాంక్యూ అని ఆపేసి ఇంకో ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఇంకో జవాబు దగ్గర కూడా అంతే. ఎక్కడ తప్పు చేశానో అర్థం కావట్లేదు, గ్రామర్ తప్పులు పెద్దగా లేవు. ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీష్ మీడియమే నాది.

ఉల్లిదోశ
తెనాలిలో స్కైస్క్రేపర్లా?? సంక్రాంతికి వచ్చినప్పుడు కనబడలేదే

తెనాలి_చిన్నోడు
ఆ ప్రింటౌట్ హైదరాబాద్ వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది బ్రో. టెన్షన్‌లో ఊరు మార్చడం మర్చిపోయా

కాకినాడ_కాజా
ఊరి మధ్య మూడు కాలవలు, ఆంధ్రా ప్యారిస్ అని పేరు, నాటకాలు, తెనాలి రామకృష్ణుడు. ఇన్ని పెట్టుకుని అద్దెకి తెచ్చిన మెట్రోపాలిస్ ఎందుకయ్యా నీకు

నిద్రలేని_నర్సు
ముందు ఒక విషయం. ఆవిడ ఆపేసిందని మార్కులు పోలేదు. స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు, అందులో మొదటి భాగానికి 4-5 నిమిషాలే. ప్రశ్నలు వాళ్ళ చేతిలో ముందే రాసి ఉంటాయి, టైమ్ చూసుకుంటూ పోవాలి కాబట్టి మధ్యలో ఆపుతారు. బాగా మాట్లాడేవాళ్ళని కూడా ఆపుతారు. నేను మూడుసార్లు రాశా (యూకేలో నర్సుకి స్పీకింగ్‌లో 7 కావాలి), మూడుసార్లూ ఆపారు, మూడోసారి 7.5 వచ్చింది.
నీ మార్కులు పోయింది బట్టీ దగ్గర. నాకు మొదటిసారి 6 వచ్చినప్పుడు కారణం అదే. బట్టీ పట్టింది అప్పజెప్పేటప్పుడు మన గొంతు మారిపోతుంది, నీకు తెలియదు కానీ ఎదుటివాళ్ళకి వెంటనే తెలుస్తుంది. బళ్ళో పద్యం చెప్పే పిల్లాడు ఎక్కడో పైకి చూస్తూ ఒకే ఊపులో చదివేస్తాడు చూడు, అచ్చం అలా ఉంటుంది. తర్వాత ప్రింటౌట్‌లో లేని ప్రశ్న ఒకటి రాగానే అదే మనిషి ఐ... ఐ... యాక్చువల్లీ... అని తడబడతాడు. ఒకే నోటి నుంచి రెండు రకాల ఇంగ్లీష్ వస్తే వాళ్ళకి అర్థం కాదా? వాళ్ళు రోజంతా అదే పని మీద కూర్చుంటారు.

కరీంనగర్_పోరడు
నేను ఒప్పుకోను అక్కా. నేనైతే బట్టీ కొట్టే పోయిన, 6.5 వచ్చింది. అందరూ గిదే చెప్తరు బట్టీ వద్దు బట్టీ వద్దని, మరి ఇంగ్లీష్ మాట్లాడే వాతావరణం ఇంట్లో లేనోడు ఏం జెయ్యాలె? మా ఇంట్ల ఎవ్వరు మాట్లాడరు, మా దోస్తులు కూడా మాట్లాడరు. ప్రాక్టీస్ ఎక్కడ జెయ్యాలె, బర్రెలతోనా

ఉల్లిదోశ
బర్రెలతో అయితే ఫ్లూయెన్సీకి ఢోకా లేదు, మధ్యలో ఆపవు

నిద్రలేని_నర్సు
@కరీంనగర్_పోరడు తమ్ముడూ నువ్వు సరిగ్గా ఏం బట్టీ పట్టావో చెప్పు. మొత్తం జవాబులా?

కరీంనగర్_పోరడు
మొత్తం కాదు. మాట మొదలుపెట్టేటివి, టైమ్ దొరికిచ్చుకునేటివి. లెట్ మీ థింక్, ఐ హ్యావ్ నెవర్ రియల్లీ థాట్ అబౌట్ ఇట్, ఇట్ డిపెండ్స్... గిట్లాంటివి ఒక ఇరవై. మిగతాది నాదే.

నిద్రలేని_నర్సు
అది బట్టీ కాదు నాయనా, అది ఊతపదాలు నేర్చుకోవడం. తెలుగులో మనం అదేంటంటే, అంటే, ఏమో మరి అని లాగమూ? అలాంటిదే. కాకపోతే ఇరవై నేర్చుకుని ఇరవైయీ 14 నిమిషాల్లో వాడితే మాత్రం నవ్వులాట అవుతుంది.

లీడ్స్_లక్ష్మి
అదేంటంటే అంటే గుర్తొచ్చింది. నేను క్యూ కార్డ్ (రెండో భాగంలో టాపిక్ రాసి ఇచ్చే కార్డు) మీద మాట్లాడుతూ మధ్యలో మాట దొరక్క నిజంగానే "అదేంటంటే" అనేశా. ఎగ్జామినర్ కనుబొమ్మ కూడా కదల్లేదు. నేను మాత్రం ఇంటికెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉన్నా. 7 వచ్చింది, కాబట్టి ఒక్క తెలుగు ముక్క దొర్లితే ఎవరూ చావరు.

పాత_మాస్టారు
నేను కృష్ణా జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంటి దగ్గర ఈ పరీక్షకి వెళ్ళే పిల్లలకి కాస్త సాయం చేస్తుంటాను. చిన్నోడు "గ్రామర్ తప్పులు పెద్దగా లేవు" అన్నాడు చూశారా, అక్కడే నాకు అనుమానం. మన తప్పులు మనకి వినపడవు, ఎందుకంటే అవి తెలుగులో ఒప్పులు.
ఐదేళ్ళ నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నాను అంటాం. దాన్నే పట్టుకుని "ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అంటాం. "ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ హైదరాబాద్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలి. ఎక్కడుంటున్నావు అన్నది మొదటి నిమిషంలోనే వచ్చే ప్రశ్న, అంటే మొదటి నిమిషంలోనే దొరికిపోతాం. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" ఇంకోటి. అన్నదమ్ముల్ని బిర్యానీ లాగా ఇప్పుడే తింటున్నట్టు ఉంటుంది అది.
ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. సినిమాలు ఇష్టమా అంటే తెలుగులో "ఇష్టమే" అంటే సరిపోతుంది, దేన్ని అని మళ్ళీ చెప్పక్కర్లేదు. అదే అలవాటులో "యెస్, ఐ లైక్" అని ఆగిపోతారు. దేన్ని లైక్? ఐ లైక్ దెమ్ అనాలి కదా. ఆ చిన్న మాట లేకపోతే ఇంగ్లీష్ వాక్యం కుంటుతుంది.
ఇక "ఐ యూజ్డ్ టు వాచ్ మూవీస్ డైలీ". వాడి ఉద్దేశం ఇప్పుడు రోజూ చూస్తానని. విన్నవాళ్ళకి ఒకప్పుడు చూసేవాడు, ఇప్పుడు మానేశాడు అని అర్థమవుతుంది.

కాకినాడ_కాజా
మాస్టారూ, నేను పదేళ్ళుగా ఆఫీసులో యూజ్డ్ టు అలాగే వాడుతున్నా. ఇవాళ తెలిసింది. ఎవడూ చెప్పలేదు

ఉల్లిదోశ
మీ మేనేజర్ నువ్వు పని మానేశావనుకుని ఉంటాడు

కోటి_నుంచి_కెనడా
మాస్టారు చెప్పింది కరెక్టే కానీ ఈ లిస్ట్ చదివితే పిల్లాడు నోరు తెరవడానికే భయపడతాడు. నాకు అదే జరిగింది. ప్రతి వాక్యానికీ వెనక్కి వెళ్ళి దిద్దుకుంటూ కూర్చున్నా, హీ గో... గోస్... వెంట్... అంటూ. గ్రామర్ కాపాడబోయి ఫ్లూయెన్సీ పోగొట్టుకున్నా. చూసేది నాలుగు విషయాలు, ఫ్లూయెన్సీ, పదాలు, గ్రామర్, ఉచ్చారణ. నాలుగింటికీ సమానంగా మార్కులు, నాలుగూ కలిపి సగటు. గ్రామర్ వాటా పావు వంతే.

పాత_మాస్టారు
పావు వంతే, నిజమే. నేను పరీక్ష గదిలో దిద్దుకోమనలేదు, ఇంట్లో దిద్దుకోమన్నాను. గదిలోకి వెళ్ళాక నోటికొచ్చిందే గ్రామర్.

పీటీఈ_ప్రసాద్
ఈ గొడవంతా ఎందుకు, పీటీఈ రాయండి, అదీ ఇలాంటి ఇంగ్లీష్ పరీక్షే. కంప్యూటర్‌తో మాట్లాడతారు, ఎదురుగా మనిషి ఉండడు, సిగ్గు ఉండదు. మీ ఊరు ఇష్టమా అని కూడా అడగదు. వాక్యం వినిపిస్తుంది, తిరిగి చెప్తాం, బొమ్మ చూపిస్తుంది, వర్ణిస్తాం, ఇలాంటివే

లీడ్స్_లక్ష్మి
నీ పేరులోనే ఉంది ప్రచారం. పక్కన పదిమంది ఒకేసారి మైకుల్లో అరుస్తుంటే నాకు నా గొంతే వినపడలేదు పీటీఈలో. మనిషైతే కనీసం తల ఊపుతుంది.

నిద్రలేని_నర్సు
నర్సులు ఎవరైనా చదువుతుంటే ఓఈటీ (వైద్యరంగం వాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) కూడా చూడండి. స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు ఉంటాయి, ఒక్కొక్కటి దాదాపు 5 నిమిషాలు, ముందు 3 నిమిషాలు కార్డు చదువుకోనిస్తారు. పేషెంట్‌తో మాట్లాడటం మనకి రోజూ ఉన్నదే. చిన్నోడికి పనికిరాదులే, వాడికి పేషెంట్లు లేరు.

తెనాలి_చిన్నోడు
పేషెన్స్ కూడా లేదు ఇప్పుడు. సరే అక్కా, బట్టీ వద్దంటే మరి జవాబు ఎంత పొడుగు ఉండాలి? మా కోచింగ్ సార్ కనీసం ఆరు వాక్యాలు చెప్పమన్నారు. ఇంకో సార్ ఒక్క ముక్కలో చెప్పి ఆపమన్నారు.

నిద్రలేని_నర్సు
మొదటి భాగంలో రెండు మూడు వాక్యాలు. జవాబు, దానికి కారణం, వీలుంటే నీ జీవితంలోంచి ఒక చిన్న సంగతి. ఆ సంగతి నీదే అవ్వాలి. రోడ్డు మీద పరిచయమైన మనిషి "మీదే ఊరండీ" అంటే ఎంత చెప్తావో అంత. అక్కడ ఆరు వాక్యాల ఉపన్యాసం ఇస్తావా? ఒక్క ముక్క చెప్పి మొహం తిప్పుకుంటావా?

లీడ్స్_లక్ష్మి
రెండో భాగం వేరు, అక్కడ ఉపన్యాసమే కావాలి. కార్డు ఇస్తారు, పెన్సిలూ కాగితమూ ఇస్తారు, ఒక్క నిమిషం ఆలోచించుకోవాలి, తర్వాత 1-2 నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. రెండు నిమిషాలు అవగానే ఆపేస్తారు, కాబట్టి ముగింపు దాచిపెట్టుకోకండి.
మా బ్యాచ్‌లో జరిగింది చెప్తా. నువ్వు అభిమానించే వ్యక్తి అని కార్డు వస్తే చెప్పమని అందరికీ అబ్దుల్ కలాం గారి మీద ఒకే వ్యాసం ఇచ్చారు. నాకు వచ్చిన కార్డు "నీకు బాగా తెలిసిన ఒక పెద్ద వయసు మనిషి". నేను వ్యాసం వదల్లేక కలాం గారినే మా తాతయ్యని చేసేశా. రామేశ్వరంలో పుట్టాడు, పేపర్లు వేశాడు, రాకెట్లు చేశాడు... అయిపోయాక ఆవిడ చిన్న ప్రశ్న అడిగింది, ఆయన్ని తరచూ కలుస్తుంటావా అని. వారం వారం వెళ్తానన్నా. ఇది మొదటిసారి రాసినప్పటి సంగతి. ఎంత వచ్చిందో అడక్కండి.

ఉల్లిదోశ
అక్కా నువ్వు భారతరత్న మనవరాలివని ఇన్నాళ్ళూ చెప్పలేదే 😂

కోటి_నుంచి_కెనడా
అసలు అబద్ధం చెప్పొచ్చు అక్కడ, నిజమా కాదా అని ఎవరూ చూడరు, ఇంగ్లీష్ ఎలా ఉందనే చూస్తారు. కానీ అబద్ధం చెప్తూ ఇంగ్లీష్ వెతుక్కోవడం అంటే రెండు పనులు. నేను రెండోసారి మా నానమ్మ గురించి చెప్పా. ఆవిడ వేసవిలో డాబా మీద ఆవకాయ ముక్కలు ఎలా తుడిపించేదో, ఒక్క చుక్క నీళ్ళు తగిలినా ఎలా తిట్టేదో. ఆవకాయకి ఇంగ్లీష్‌లో ఏమనాలో తెలియక "మ్యాంగో పికిల్, వెరీ స్పైసీ, షి గార్డెడ్ ఇట్ లైక్ గోల్డ్" అన్నా. ఆ మాట ఎక్కడా చదివింది కాదు, అప్పటికప్పుడు వచ్చింది. రెండు నిమిషాలు ఎలా అయిపోయాయో తెలియలేదు.

కాకినాడ_కాజా
నాకు అద్దాల గురించి అడిగారు. అద్దంలో ఎన్నిసార్లు చూసుకుంటావు, బయటికెళ్ళి అద్దం కొన్నావా ఎప్పుడైనా. నేను వేళాకోళం ఆడుతున్నారనుకున్నా

కరీంనగర్_పోరడు
నాకు టోపీలు. టోపీ పెట్టుకుంటవా అంటే, నో, పీపుల్ పుట్ టోపీ ఆన్ మీ అందామనుకున్న, నోటిదాకా వచ్చి ఆగిన

పాత_మాస్టారు
ఆగి మంచి పని చేశావు. ఆ చమత్కారం గోదావరి దాటితేనే సగం పోతుంది.
ఇలాంటి వింత ప్రశ్నలకి అభిప్రాయం ఏమీ లేకపోతే లేదనే చెప్పండి, ఎందుకు లేదో చెప్పండి. టోపీ పెట్టుకోను, మా ఊళ్ళో ఎండకి తల మీద తువ్వాలు వేసుకుంటాం, అది చెమట కూడా తుడుచుకోవడానికి పనికొస్తుంది. అయిపోయింది, మంచి జవాబే.

వైజాగ్_అల
ఉచ్చారణ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మా ఫ్రెండ్ బ్రిటిష్ యాస పెట్టి వెళ్ళాడు, మూడో నిమిషానికి యాస జారిపోయి శ్రీకాకుళం బయటపడింది. యాస అవసరమా అసలు?

కోటి_నుంచి_కెనడా
అక్కర్లేదు. వినేవాళ్ళకి శ్రమ లేకుండా అర్థమైతే చాలు. మనకి వచ్చే చిక్కులు వేరే. ఎవ్రీని యెవ్రీ అంటాం, ఓన్లీని వోన్లీ అంటాం. మాట చివర అచ్చు తగిలిస్తాం, బస్సు, బుక్కు, రోడ్డు. తెలుగులో అది అందమే, ఇంగ్లీష్‌లో "ఐ టుక్ ది బస్సు" అంటే ఒక అక్షరం ఎక్కువ. జూ, జీరో అనేటప్పుడు నాలుక పళ్ళ వెనక తగలకుండా తేనెటీగ లాగా గుయ్‌మని రావాలి, మనకేమో జామపండులో జ వస్తుంది.

పాత_మాస్టారు
వీటన్నింటికంటే ఊనిక ముఖ్యం. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లీష్‌లో ఒక మాటలో ఒక ముక్క మీద బరువు పడాలి. డెవలప్‌మెంట్‌లో రెండో ముక్క మీద, ఫొటోగ్రఫీలోనూ రెండో ముక్క మీదే. అది తప్పితే మిగతా అంతా సరిగ్గా పలికినా అవతలివాడు "ఏమిటీ" అంటాడు.

తెనాలి_చిన్నోడు
ఇంకో డౌట్. మూడో భాగంలో "పల్లెల నుంచి యువత నగరాలకి ఎందుకు వెళ్తున్నారు" అని అడిగింది. నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్ వెళ్దామనుకున్న సంగతి చెప్పా. ఆవిడ మళ్ళీ "ఇన్ జనరల్" అని ఇంకోలా అడిగింది. మళ్ళీ నా గురించే చెప్పా.

నిద్రలేని_నర్సు
అదీ, అక్కడ పోయింది ఇంకో అర బ్యాండ్. మొదటి భాగం నీ గురించి, మూడోది లోకం గురించి. ఆవిడ నీకు సాయం చేయడానికే మాట మార్చి అడిగింది. ఉద్యోగాలు ఎక్కడుంటే మనుషులు అక్కడికే పోతారు, మా వైపు చదువుకున్నవాళ్ళకి సరిపడా ఆఫీసులు లేవు, మా నాన్న తరంలో పొలం ఉంటే చాలనుకునేవాళ్ళు, ఇప్పుడు అలా లేదు. కారణం చెప్పి, ఒక ఉదాహరణ ఇచ్చి, అప్పటికీ ఇప్పటికీ తేడా చెప్తే చాలు. నీ సంగతి ఉదాహరణగా రావచ్చు, అదే మొత్తం జవాబు కాకూడదు.

కరీంనగర్_పోరడు
ప్రశ్న అర్థం కాకపోతే అడగొచ్చా అక్కా? మా దోస్తు అడిగితే మార్కులు కట్ అయితయని భయపడి ఏదో ఒకటి చెప్పిండు. రెయిన్ గురించి అడిగితే ట్రెయిన్ గురించి చెప్పిండు.

నిద్రలేని_నర్సు
అడగొచ్చు. కుడ్ యూ రిపీట్ ద క్వశ్చన్ ప్లీజ్ అంటే ఎవరూ మార్కులు కొయ్యరు. మొదటి భాగంలో మళ్ళీ చదువుతారంతే, విడమరిచి చెప్పరు. మూడో భాగంలో ఇంకోలా అడగమన్నా అడుగుతారు. ప్రతి ప్రశ్నకీ అడిగితే మాత్రం అర్థం కావట్లేదని తెలిసిపోతుంది.

లీడ్స్_లక్ష్మి
@తెనాలి_చిన్నోడు కంప్యూటర్ మీద రాశావా పేపర్ మీదా? కంప్యూటర్ అయితే వన్ స్కిల్ రీటేక్ ఉంది, స్పీకింగ్ ఒక్కటే మళ్ళీ రాయొచ్చు. మొదటి పరీక్ష తేదీ నుంచి 60 రోజుల లోపల, ఒక్కసారే. కాకపోతే మీ యూనివర్సిటీ ఆ రిజల్ట్ తీసుకుంటుందో లేదో ముందు మెయిల్ పెట్టి కనుక్కో, అన్నీ తీసుకోవు.

కాకినాడ_కాజా
రీవాల్యుయేషన్ పెట్టొచ్చుగా? 6 వారాల్లోపు అడగొచ్చు, మార్కు మారితే డబ్బులు వెనక్కి ఇస్తారు. రికార్డింగ్ ఉంటుంది, ఇంకొకరు వింటారు.

ఉల్లిదోశ
ఇంకొకరు కూడా తెనాలి స్కైస్క్రేపర్లు వినాలా పాపం

తెనాలి_చిన్నోడు
కంప్యూటరే. యూనివర్సిటీకి మెయిల్ పెడతా. ఈలోగా ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విన్నా మాస్టారూ. రెండు నిమిషాల్లో యాక్చువల్లీ 11 సార్లు. సిన్స్ రెండుసార్లు. నా గొంతు నాకే నచ్చలేదు.

పాత_మాస్టారు
ఎవరికీ నచ్చదు. రోజుకి రెండు ప్రశ్నలు చాలు, విన్నాక అదే ప్రశ్నకి మళ్ళీ చెప్పు. రాసుకుని చదవకు. ముందు ఊరి ప్రశ్న ఇక్కడ చెప్పు చూద్దాం.

తెనాలి_చిన్నోడు
"యెస్, ఐ లైక్ ఇట్ ఎ లాట్. దేర్ ఆర్ త్రీ కెనాల్స్ రన్నింగ్ త్రూ ద టౌన్, అండ్ వెన్ ఐ వజ్ ఎ బాయ్ మై ఫాదర్ టుక్ మీ టు వన్ ఆఫ్ దెమ్ ఎవ్రీ సండే టు లెర్న్ స్విమ్మింగ్. ఐ నెవర్ లెర్న్డ్, బట్ వి ఆల్వేస్ ఏట్ పునుగులు ఆన్ ద వే హోమ్." పునుగులకి ఇంగ్లీష్ ఏంటి?

పాత_మాస్టారు
పునుగులే. స్మాల్ ఫ్రైడ్ స్నాక్స్ కాల్డ్ పునుగులు అను, సరిపోతుంది. వెన్ ఐ వజ్ ఎ బాయ్‌లో ఆ చిన్న 'ఎ' మర్చిపోలేదు చూశావా, అది నీకు వచ్చే తప్పుల్లో లేదన్నమాట. లెర్న్ స్విమ్మింగ్ బదులు లెర్న్ టు స్విమ్ అను.

కరీంనగర్_పోరడు
ఈత రాలేదా అన్నా, మూడు కాలవలు పెట్టుకుని?

తెనాలి_చిన్నోడు
రాలేదు. మెయిల్‌కి రిప్లై వచ్చింది, రీటేక్ తీసుకుంటారట. మూడు వారాల తర్వాత స్లాట్ బుక్ చేశా. నాన్నకీ చెప్పేశా, స్వీట్లు అయిపోయాకే చెప్పా.

వైజాగ్_అల
మూడు వారాల తర్వాత ఇక్కడికొచ్చి ఏం అడిగారో చెప్పు. నాకు వచ్చే నెల ఉంది. టోపీలంటే నాకు అసలు ఏమీ తెలియదు